అబ్బాయి వినే హెవీ మెటల్‌ని అమ్మ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిగా హెవీ మెటల్ తప్ప ఇంకేమీ వినడం లేదు. సెలవులకు ఇంటికొస్తే గదిలోంచి ఒకటే అరుపులు. పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టు వేసుకుని తిరుగుతుంటే మా ఆడపడుచు చూసి, “అది సైతాను సంగీతం, విన్న పిల్లలు ఏమైనా చేసుకుంటారు” అంది. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. వాడిని అడిగితే “ముందు దాని చరిత్ర తెలుసుకుని విను అమ్మా, తర్వాత తిట్టు” అన్నాడు. చిన్నప్పుడు వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. వినాలనే ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. స్నేహితులతో బెంగళూరులో షోకి వెళ్తానంటున్నాడు, పంపమంటారా?
ఒక తల్లి, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చక్కటి మాట అన్నాడండీ. ఆ వయసు పిల్లలు తమకు నచ్చినవి తలుపు వేసుకుని వింటారు గానీ అమ్మని కూర్చోబెట్టి వినమని అడగరు. అడిగాడు కాబట్టి వినండి. మీ ఆడపడుచు గారి మాటకీ సమాధానం చెబుతాను, అందులో నిజం ఉన్నంత మేరకు నిజమనే చెబుతాను. కానీ ముందు పాట, తర్వాత భయం. పాట వినకుండా ఎంత మాట్లాడుకున్నా మీ మనసు కుదుటపడదు.

1970 ఫిబ్రవరి 13న ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ కుర్రాళ్లు నలుగురు బ్లాక్ సబ్బత్ అనే పేరుతో మొదటి ఆల్బమ్ విడుదల చేశారు. దాదాపు మొత్తం ఒక్క రోజులో రికార్డు చేసిన ఆల్బమ్ అది. అంతకు ముందే లెడ్ జెప్లిన్, బ్లూ చీర్ లాంటివాళ్లు గిటార్‌ని చాలా గట్టిగా మోగించారు. అయినా హెవీ మెటల్ పుట్టినరోజు ఏదంటే ఎక్కువ మంది చూపించేది ఈ తేదీనే. నా లెక్కా అదే.

బర్మింగ్‌హామ్ అప్పట్లో ఫ్యాక్టరీల ఊరు. ఆస్టన్ అనే కార్మికుల పేటలో పెరిగారు వీళ్లు. పాడే ఓజీ ఆస్‌బోర్న్ కొన్నాళ్లు కబేళాలో పనిచేశాడు. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవాడు. పదిహేడేళ్ల వయసులో, ఆ ఉద్యోగానికి అదే ఆఖరి రోజు అనుకున్న నాడు, మెషిన్ కింద చెయ్యి పడి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. తెగింది కుడి చెయ్యే, కానీ ఆయనది ఎడమచేతి వాటం. అంటే గిటార్ మీద స్వరస్థానాలు నొక్కాల్సిన చెయ్యి అదే. ఇక వాయించలేవని డాక్టర్లు చెప్పేశారు. అప్పుడు ఫ్యాక్టరీ మేనేజరు ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా, మిగతా వేళ్లతోనే జాజ్ గిటార్‌లో మహా విద్వాంసుడైన మనిషి. అది విని అయోమీ ఇంటికెళ్లి, గిన్నెలు కడిగే సబ్బు సీసా ప్లాస్టిక్‌ని కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు ముక్కలు అంటించుకున్నాడు. తీగలు బిగువుగా ఉంటే నొప్పి పుట్టేది, అందుకని సన్నటి తీగలు కట్టాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి కొన్ని పాటల్లో శ్రుతిని ఏకంగా మూడు స్వరస్థానాలు కిందికి దించాడు. తీగ వదులైన కొద్దీ నాదం బరువెక్కింది. మీ అబ్బాయి గదిలోంచి గోడలు అదిరేలా వచ్చే ఆ లోతైన మోతకు మూలం ఇక్కడుంది.

మీరు వర్ణాల దాకా నేర్చుకున్నారు కాబట్టి, ఇంకెవరికీ ఇలా చెప్పలేని సంగతి ఒకటి మీకు చెబుతాను. మొదటి ఆల్బమ్‌లో మొదటి పాట పేరు కూడా ‘బ్లాక్ సబ్బత్’ అనే. వాన చప్పుడు, దూరంగా చర్చి గంట, తర్వాత గిటార్. ఆ గిటార్ వాయించేది మూడే స్వరాలు: షడ్జమం, తారస్థాయి షడ్జమం, అక్కడి నుంచి కిందికి ప్రతి మధ్యమం. ఆ చివరి స్వరం మీద నిలబడి దాన్ని వణికిస్తాడు. షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ ఉన్న ఈ దూరాన్ని పాశ్చాత్య సంగీతంలో ‘సంగీతంలోని సైతాను’ అన్నారు, పాత పాఠాల్లో దాన్ని తప్పించమని నేర్పేవారు. మనకు అదే స్వరం కల్యాణిలో ఉంది, పెళ్లి పందిట్లో నాదస్వరం మీద మోగుతుంది. కల్యాణిలో దానికి ఒకవైపు గాంధారం, ఇంకోవైపు పంచమం తోడుంటాయి. అయోమీ ఆ తోడు తీసేసి, దాన్ని ఒంటరిగా నిలబెట్టాడు. కళ్లు మూసుకుని ఒకసారి వినండి, స్వరం మీకు పరిచయమైనదే, దాని పరిస్థితే కొత్తది.

ఇంకొకటి. ఈ సంగీతంలో మాటిమాటికీ వినిపించే ‘పవర్ కార్డ్’లో ఉండేది షడ్జమం, పంచమం మాత్రమే. గాంధారం ఉండదు. గిటార్ నాదాన్ని యాంప్లిఫయర్‌లో కావాలని చెదరగొట్టి బొంగురుగా చేస్తారు. ఆ చెదిరిన నాదంలో గాంధారం కూడా కలిస్తే అంతా గజిబిజి అయిపోతుంది, సా పా రెండే అయితే ఎంత బొంగురు చేసినా నిలబడతాయి. మీ తంబూరా ఆధారంగా పట్టుకునే ఆ రెండు స్వరాల మీదే ఇంత భవనం కట్టారు.

సైతాను మాట కూడా ఇక్కడే చూద్దాం. బ్లాక్ సబ్బత్ అనేది 1963 నాటి ఒక భయానక సినిమా పేరు. భయపడటానికి జనం డబ్బిచ్చి టికెట్టు కొంటున్నారే, అలాంటి సంగీతం మనం ఎందుకు చేయకూడదు అనుకుని ఆ పేరు పెట్టుకున్నారు. పాటలు ఎక్కువగా రాసింది గీజర్ బట్లర్, క్యాథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. నలుగురి మెడల్లోనూ సిలువలు ఉండేవి. 1970లోనే వచ్చిన రెండో ఆల్బమ్‌లో ‘వార్ పిగ్స్’ అనే పాట, వియత్నాం యుద్ధం రోజుల్లో, పేదల పిల్లల్ని చావుకి పంపి తాము భద్రంగా కూర్చునే నాయకుల మీద రాసింది. సైతాను ఆ పాటలో ఉన్నాడు, నిజమే. యుద్ధం చేయించినవాళ్లకి చివరికి దొరికే ఫలితంగా ఉన్నాడు. ఆ ఆల్బమ్ మొత్తం మీ అబ్బాయితో కూర్చుని వినండి, సాహిత్యం ఫోన్‌లో తీసి పక్కన పెట్టుకోండి. మీ మొదటి వారానికి ఇది చాలు.

రెండో మలుపు 1980. ఒక్క ఏడాదిలో ఇన్ని మంచి మెటల్ ఆల్బమ్‌లు మళ్లీ రాలేదని నా అభిప్రాయం. ఆ ఏడాది మొదట్లో బ్రిటన్ ఉక్కు కార్మికులు మూడు నెలలు దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. అదే ఏప్రిల్‌లో, బర్మింగ్‌హామ్ వాళ్లే అయిన జూడాస్ ప్రీస్ట్ ‘బ్రిటిష్ స్టీల్’ అని ఆల్బమ్ తెచ్చారు. వాళ్ల గిటారిస్టు గ్లెన్ టిప్టన్ ఒకప్పుడు ఆ పేరుగల ప్రభుత్వ ఉక్కు సంస్థలో పనిచేసినవాడే. పని దొరకని కుర్రాడి కోపం అందులో సూటిగా వినిపిస్తుంది. ఇద్దరు గిటారిస్టులు జంటగా వాయించడం, తోలు జాకెట్లు, ఇనప మేకుల బెల్టులు, అంటే ఇవాళ మెటల్ వేషం అని మనం అనుకునేదంతా స్థిరపడింది వీళ్లతోనే. గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ తాను గే అని 1998లో బహిరంగంగా చెప్పాడు. మగతనం చాటుకునే సంగీతమని పేరుపడ్డ చోట, అభిమానులు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సంగతి నాకు చాలా ఇష్టం.

అదే 1980లో ఐరన్ మెయిడెన్ మొదటి ఆల్బమ్ వచ్చింది. మీ అబ్బాయి టీషర్టు మీది పుర్రె, పొడుగు జుట్టుతో, గుచ్చి చూస్తున్నట్టుండే ముఖమైతే అతని పేరు ఎడ్డీ. డెరెక్ రిగ్స్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ, అప్పటి నుంచి ఆ బ్యాండ్ ఆల్బమ్ అట్టలన్నిటి మీదా ఏదో ఒక వేషంలో ఉంటాడు. 1981లో వాళ్లతో చేరిన గాయకుడు బ్రూస్ డికిన్సన్ తర్వాతి కాలంలో విమానయాన సంస్థలో పైలట్ కూడా. ఈ బ్యాండ్ మీకు అన్నిటికన్నా తొందరగా నచ్చుతుందని నా నమ్మకం. రాగభావం ఎక్కువ, గొంతు విప్పి పాడతారు, కథలు చెబుతారు. కోల్‌రిడ్జ్ రాసిన ముసలి నావికుడి కవితని 1984లో పదమూడు నిమిషాల పైన సాగే పాటగా చేశారు. అమెరికా ఆదివాసుల మీద జరిగిన దాడుల గురించి ఇంకో పాట ఉంది. ‘పవర్‌స్లేవ్’ ఆల్బమ్ వినండి.

ఇక రెండు వేళ్లు పైకెత్తి చూపించే కొమ్ముల గుర్తు. దాన్ని మెటల్‌లో వ్యాప్తి చేసింది రోనీ జేమ్స్ డియో, ఓజీ వెళ్లిపోయాక బ్లాక్ సబ్బత్‌లో పాడినవాడు. ఇటలీ మూలాలున్న వాళ్ల బామ్మ చెడు చూపు తగలకుండా ఆ గుర్తు పట్టేదని ఆయనే చెప్పాడు. మన ఇళ్లల్లో ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీస్తారే, అలాంటిది. మీ ఆడపడుచు గారికి ఇది తప్పకుండా చెప్పండి.

మూడో మలుపు అమెరికాలో. 1981లో లార్స్ ఉల్రిక్ అనే డ్రమ్మర్ లాస్ ఏంజెలెస్ పత్రికలో ప్రకటన ఇస్తే జేమ్స్ హెట్‌ఫీల్డ్ అనే గిటారిస్టు దొరికాడు. అదే మెటాలికా. బ్రిటిష్ బ్యాండ్ల గిటార్ పనితనానికి పంక్ అనే దుడుకు రాక్ సంగీతపు వేగం కలిపితే పుట్టినదాన్ని థ్రాష్ అన్నారు. స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్ కూడా ఆ వరసవే. 1986లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఈ శాఖలో శిఖరం. ఆ పేరుతో ఉన్న పాటలో మాట్లాడేది మత్తుమందు. నిన్ను ఆడించేది నేనే అని బానిసతో అంటుంది. పిల్లలకి డ్రగ్స్ గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పిన పాట నేను వినలేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో స్వీడన్‌లో బస్సు బోల్తాపడి వాళ్ల బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ ఇరవైనాలుగేళ్లకే చనిపోయాడు. ఈ ఆల్బమ్‌ని 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. మెటల్ నుంచి దానిలోకి వెళ్లిన మొదటి రికార్డు ఇదే. 1988లో వచ్చిన మెటాలికా తర్వాతి ఆల్బమ్‌లో ‘వన్’ అనే పాట ఉంది. యుద్ధంలో కాళ్లూ చేతులూ, చూపూ మాటా పోయి, ఆస్పత్రి మంచం మీద స్పృహలోనే ఉండిపోయిన సైనికుడి గురించి. మెల్లగా మొదలై, చివర్లో డ్రమ్స్ తుపాకీ మోతలా వస్తాయి. ఇక్కడికి వచ్చేసరికి అరుపు ఎందుకు అవసరమైందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ భయం. ఇది మీ ఒక్కరికే వచ్చింది కాదు. 1985 సెప్టెంబర్‌లో అమెరికా సెనేట్‌లో దీని మీదే విచారణ జరిగింది. తల్లుల బృందం ఒకటి, సెనేటర్ భార్య టిప్పర్ గోర్ ముందుండి, పాటల మీద హెచ్చరిక ముద్రలు ఉండాలని అడిగింది. ట్విస్టెడ్ సిస్టర్ గాయకుడు డీ స్నైడర్ జుట్టు విరబోసుకునే వచ్చి, తాను క్రైస్తవుణ్ణని, తాగననీ పొగ తాగననీ చెప్పి, హింసాత్మకమని వాళ్లు ఆరోపించిన పాట నిజానికి తమ గిటారిస్టుకు జరిగిన గొంతు ఆపరేషన్ గురించి రాసిందని వివరించాడు. చివరికి ‘తల్లిదండ్రులకు సూచన’ అనే ముద్ర ఆల్బమ్‌ల మీదికి వచ్చింది. ఆ ముద్ర రావడం తప్పని నేను అనను. తల్లి అడగడంలో తప్పేముంది? పాట వినకుండా తీర్పు చెప్పడమే తప్పు.

మీ ఆడపడుచు గారు అన్న మాట కోర్టు దాకా కూడా వెళ్లింది. 1985 చివర్లో నెవాడా రాష్ట్రంలో ఇద్దరు యువకులు ప్రాణాలు తీసుకోబోయారు, ఒకరు అప్పుడే, రెండోవారు కొన్నేళ్లకు చనిపోయారు. జూడాస్ ప్రీస్ట్ పాటలో దాచిన మాటలే దీనికి కారణమని కుటుంబాలు దావా వేశాయి. 1990లో రీనో పట్టణంలో విచారణ జరిగింది. ఆ వినిపించినట్టున్న మాటలు గాయకుడి ఊపిరి, గిటార్ శబ్దం కలిసి అనుకోకుండా ఏర్పడ్డవనీ, మరణాలకు అవి కారణమని రుజువు కాలేదనీ జడ్జి తేల్చాడు. ఆ పిల్లల జీవితాల్లో అంతకు ముందు నుంచే ఉన్న కష్టాలు విచారణలో బయటికొచ్చాయి. కొడుకుల్ని పోగొట్టుకున్న ఆ తల్లుల బాధని నేను చిన్నది చేయడం లేదు. కానీ వాళ్లకి కావలసిన సమాధానం పాటలో లేదు.

నిజంగా చీకటి అధ్యాయం ఒకటి ఉంది, అది మీ దగ్గర దాచను. 1990ల మొదట్లో నార్వేలో బ్లాక్ మెటల్ అనే శాఖకు చెందిన కొందరు కుర్రాళ్లు చర్చిలు తగలబెట్టారు. 1992లో బెర్గెన్ దగ్గర ఫాన్‌టాఫ్ట్‌లో శతాబ్దాల నాటి చెక్క చర్చి బూడిదైంది. 1993లో వాళ్లలోనే ఒక గిటారిస్టుని ఇంకో సంగీతకారుడు హత్య చేశాడు, అతనికి 21 ఏళ్ల శిక్ష పడింది. ఇవి నేరాలు, సంగీతం పేరు చెప్పి వీటిని కప్పిపుచ్చకూడదు. అయితే మెటల్ వినే కోట్లమందిలో ఇది ఒక దేశంలో, ఒక చిన్న గుంపులో జరిగింది. మీ అబ్బాయి ఆ బ్యాండ్లు వింటుంటే ఈ కథ తెలుసా అని అడగండి. తెలిసే ఉంటుంది. దాని గురించి ఏమనుకుంటున్నాడో చెప్పనివ్వండి. రక్తపాతాన్ని వర్ణించడమే పనిగా పెట్టుకున్న పాటలు కూడా మెటల్‌లో ఉన్నాయి, వాటిలో కొన్ని నాకూ నచ్చవు. నచ్చలేదని మీరు చెప్పినా వాడు బాధపడడు, విన్నాక చెబితే.

2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి సంగీతం వినే 39 మందికి ముందు కోపం తెప్పించి, తర్వాత తమకిష్టమైన పాటలు విననిచ్చారు. వాళ్ల కోపం పెరగలేదు, కుదుటపడ్డారు. చిన్న పరిశోధనే, దాని మీద మరీ పెద్ద మాటలు చెప్పను. మీరు గమనించాల్సింది ఏం వింటున్నాడని కాదు, ఎలా ఉన్నాడని. తిండి, నిద్ర బాగున్నాయా, స్నేహితులతో మాట్లాడుతున్నాడా, క్లాసులకి వెళ్తున్నాడా? ఇవి పాడైతే, లేదా బతకాలని లేదు లాంటి మాట వాడి నోట వస్తే, పాటల గురించి వాదించకుండా వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో మాత్రం నాకు అలాంటి సూచన ఒక్కటీ కనిపించలేదు. షోకి వెళ్లడానికి స్నేహితులున్న పిల్లాడు, అమ్మ అనుమతి అడిగే పిల్లాడు కనిపించాడు.

ఆ ‘అరుపుల’ గురించి ఒక్క మాట. అది 1980ల మధ్యలో అమెరికాలో, ముఖ్యంగా ఫ్లోరిడాలో బలపడిన డెత్ మెటల్ అనే శాఖ పద్ధతి. గొంతు చించుకోవడం కాదది. స్వరతంత్రుల పైన ఉండే మడతల్ని కదిలిస్తూ, పొట్టలోంచి ఊపిరి పట్టి చేసే సాధన. తప్పుగా చేస్తే గొంతు పోతుంది, అందుకే నేర్పే గురువులు కూడా ఉన్నారు. డెత్ అనే బ్యాండ్ నడిపిన చక్ షుల్డినర్ పాటలు మొదట్లో భయానక సినిమాల్లా ఉండి, తర్వాత మనిషి గురించీ నమ్మకద్రోహం గురించీ ఆలోచించేలా మారాయి. మెదడులో కణితితో 2001లో, 34 ఏళ్లకే పోయాడు. ఈ శాఖని మీరు ఆఖరున వినండి, మొదట వింటే పారిపోతారు.

ఆ తర్వాత మెటల్ ఏ దేశానికి వెళ్తే ఆ దేశపు వాద్యాలని పట్టుకుంది. 1996లో బ్రెజిల్ బ్యాండ్ సెపుల్టురా అక్కడి షవాంటే ఆదివాసులతో కలిసి రికార్డు చేసింది. ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్ ఢోలు, వేణువు కలుపుతుంది. బెంగళూరు బ్యాండ్ క్రిప్టోస్ 2013లో జర్మనీలోని వాకెన్ ఉత్సవంలో వాయించింది. మీ అబ్బాయి చదువుతున్న హైదరాబాద్‌లోనే గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ ఉంది, పేరు చూసి భయపడకండి. 2024 జులైలో పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఫ్రాన్స్ బ్యాండ్ గోజిరా ఒక ఒపెరా గాయనితో కలిసి వాయిస్తే ప్రపంచమంతా చూసింది. 2025 జులై 5న బ్లాక్ సబ్బత్ నలుగురూ తమ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో ఆఖరి కచేరీ చేశారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేక ఓజీ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. వచ్చిన లాభం పార్కిన్సన్స్ పరిశోధనకీ పిల్లల ఆస్పత్రికీ, నయం కాని జబ్బులున్న పిల్లల్ని చూసుకునే కేంద్రానికీ ఇచ్చారు. పదిహేడు రోజుల తర్వాత ఆయన కన్నుమూశాడు. ఆ వీడియో మీ అబ్బాయిని పెట్టమనండి.

షోకి పంపండి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పటి నుంచి మన దేశంలో ఈ అభిమానులకి బెంగళూరే పెద్ద దిక్కు. కానీ కొన్ని విషయాలు ముందే మాట్లాడుకోండి. ఎవరితో వెళ్తున్నాడు, రాత్రి ఎక్కడ ఉంటాడు, తిరుగు టికెట్టు ఉందా అన్నవి మీరు ఎలాగూ అడుగుతారు. స్టేజీ ముందు ఒకరినొకరు తోసుకుంటూ ఎగిరే గుంపుని మాష్ పిట్ అంటారు. ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లే లేపాలన్నది అక్కడి నియమం. అయినా మొదటిసారి అంచున నిలబడమని చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం చెవులు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకి 8 గంటలు వినొచ్చని ఒక లెక్క ఉంది, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పావుగంటే మిగులుతుంది. ఇలాంటి షోలు తరచుగా ఆ 100 దాటుతాయి. సంగీతకారులు వాడే రకం ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి, పాట స్పష్టంగానే వినిపిస్తుంది, మోత తగ్గుతుంది. గదిలో హెడ్‌ఫోన్స్‌కీ ఇదే లెక్క వర్తిస్తుందని చెప్పండి. ‘పవర్‌స్లేవ్’ విన్నాక మీకేమనిపించిందో నాకు రాయండి, ముఖ్యంగా ఆ పదమూడు నిమిషాల పాట గురించి.